అవ్వ మాటలు అమ్ముకున్న సంగతి

మొన్న ఎండాకాలంలో మా అక్క మనవరాలు మానస పొద్దున్నే హిందూపురం వచ్చి, చెప్పులు విడిచీ విడవకముందే, "తాతా, నీకు కన్నడం మాటలు ఎన్నొస్తాయి?" అని అడిగింది. ఆ పిల్ల అనంతపురంలో ఎం.ఏ. తెలుగు చదువుతోంది. మడకశిర, అమరాపురం, హిందూపురం పక్కల మనం మాట్లాడే తెలుగులో కన్నడం మాటలు ఏవేవి ఇంకా బతికి ఉన్నాయో పెద్దవాళ్ళ నోట విని, ఫోనులో పట్టి, రాసి ఇవ్వాలట. నేను పాత్రల అంగట్లో పుట్టి పెరిగినవాణ్ని. ఎవరైనా వచ్చి ఫలానాది ఉందా అని అడిగితే ఉందో లేదో చూసుకోవడం మా వంశంలో లేదు, ఎన్ని కావాలి అని అడగడమే తెలుసు. "నూరు మాటలిస్తా. నాకేమిస్తావు?" అన్నాను.

"నీ పేరు రాస్తా తాతా, మొదటి పేజీలో."

"పెద్ద అచ్చరాల్లోనా, చిన్న అచ్చరాల్లోనా?"

"ముందు మాటలు చెప్పు. సరుకు చూసినంక అచ్చరాల సంగతి."

మా రక్తమే, సందేహం లేదు అనుకుని తృప్తిగా చాప మీద కూర్చున్నాను. దుడ్లతో మొదలుపెట్టాను. "డబ్బుల్ని దుడ్లనేది అందరికీ తెలిసిందే గదా" అంటూనే రాసుకుంది. ఊరికే కూర్చున్నానని చెప్పడానికి సుమ్నే కూర్చున్నాననడం, మనసు బాగాలేకపోతే బేజారైందనడం, ఇంటి ముందరి అరుగును జగలి అనడం, చుట్టాలను నెంటరు అనడం వరుసగా ఇచ్చాను. పాత్రల దగ్గరికి వచ్చేసరికి ఊపు వచ్చింది. నీళ్ళ బిందె కొడ, గరిటె సౌటు, అన్నం తినే కంచం తట్టె. అంగట్లో చేసినట్టే మంచివి పైన పరిచాను. అవి అయిపోయాక పాతవాటినే కొంచెం అటూ ఇటూ తిప్పి మళ్ళీ పెట్టాను. "తాతా, ఇది ఇందాక అమ్మినదే" అంది. అన్నాల వేళకు ముప్పై కూడా కాలేదు, గోనె ఖాళీ. ఆ పిల్ల రాసుకున్నవాటిని ఒకసారి పైనుంచి కిందికి చూసుకుని, "ఇవన్నీ నీకు ఎవురు నేర్పించిరి?" అని అడిగింది. నేను ఆలోచించకుండా, "మీ అవ్వే" అనేశాను.

మానస కలం ఆపింది. "మా అవ్వా? ధర్మవరం అవ్వా? నేను పుట్టినప్పటి నుంచి ఆ యమ్మ నోట్లో ఒక్క కన్నడం మాట ఇనలేదే. అసలు మాట్లాడేదే తక్కువ ఆ యమ్మ."

దానికి నా దగ్గర జవాబు ఉంది. నలభై ఏళ్ళకు పైగా ఉంది. "అన్నం సల్లారిపోతాది, లెయ్" అని నేను ముందు లేచి పోయాను. అంగడివాడికి ఇష్టంలేని ప్రశ్న ఎదురైతే పక్కవాడికి మంచినీళ్ళు తెమ్మని చెప్పడం లాంటిదే అది. కానీ ఆ పిల్ల మా ఇంట్లో ఉన్న రెండు రోజులూ ఆ ప్రశ్న ఇంట్లోనే తిరుగుతూ ఉంది. మూడోరోజు ధర్మవరం పోదాం రా తాతా, నువ్వుంటే అవ్వ చెప్తాది అన్నప్పుడు, రానని చెప్పడానికి సాకులు వెతికి, చివరికి నేనే టికెట్లు తీశాను.

మా అంగడి హిందూపురం బజారులో ఒక ఇరుకు సందు మొగదల ఉండేది. ఇప్పుడు అక్కడ ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. ఆ రోజుల్లో లోపలికి అడుగుపెడితే ముందు గడ్డి వాసన వచ్చేది, పాత్రలు గడ్డిలో చుట్టుకుని వచ్చేవి కాబట్టి. ఆ వెనక చింతపండు పులుపు వాసన. దుకాణం వెనకే ఇల్లు, ఇంటి వెనక ఒక గచ్చు, ఆ గచ్చు మీద అమ్మ ఇత్తడి సామాన్లకు చింతపండు, ఇటుకపొడి పట్టించి తోమేది. కళాయి పూసే రోజున నవాసారం పొగకు వీధంతా కళ్ళు తుడుచుకునేది. మా నాయన బేరానికి వచ్చినవాళ్ళ ముందు బిందెను ఎత్తిపట్టి వేలి కణుపుతో ఒక దెబ్బ కొట్టి, ఆ మోత పూర్తిగా ఆగేదాకా నోరు విప్పేవాడు కాదు. "పాత్ర మాట్లాడినంకనే మనం మాట్లాడల్ల" అనేవాడు. మోత ఆగేలోపు కొనేవాళ్ళ కళ్ళు ఆ బిందెకు అతుక్కుపోయేవి. నేను బతుకులో నేర్చుకున్న చదువంతా ఆ ఒక్క దెబ్బలోనే ఉంది. మిగతాది ఇంటర్‌లో రెండుసార్లు తప్పడం.

నాయనకు రెండు నాలుకలు ఉండేవి. ఊళ్ళోవాళ్ళు వస్తే పుస్తకాల తెలుగు. మడకశిర నుంచి, అమరాపురం నుంచి బస్సు దిగి కొంగులో దుడ్లు ముడేసుకుని వచ్చే ఆడవాళ్ళు కనిపిస్తే గొంతు మారిపోయేది. "బా అమ్మా, కొడ బేకా? ఇట్ల కూచో జగలి మీద" అనేవాడు. రా అమ్మా, బిందె కావాలా అని. తన ఇంటి మాట పరాయి అంగట్లో వినబడితే మనిషి సగం బేరం అక్కడే వదిలేస్తుందని ఆయన సిద్ధాంతం. అది నిజమే, నేను నా కళ్ళతో చూశాను. అయితే ఆ మాటలు గల్లా పెట్టె దాటి ఇంట్లోకి రాకూడదు. అమ్మ పుట్టింది అమరాపురంలోనే అయినా, పెళ్ళై వచ్చిన కొత్తలో మా నాయన తరఫువాళ్ళు ఎక్కిరిస్తే, ఆ భాషను ఇత్తడికి పట్టిన చిలుమును తోమినట్టు తోమి పారేసిందట. అంగట్లో అమ్మే వస్తువు ఇంట్లో వాడుకోకూడదన్న నియమం మాకు పాత్రల విషయంలోనూ ఉండేది. మేము తినేది చొట్టలు పడిన కంచాల్లో.

అక్క మాత్రం ఈ నియమాలేమీ తెలియకుండా పెరిగింది. నేను పుట్టినప్పుడు అమ్మకు జబ్బు చేస్తే, రెండేళ్ళ అక్కను అమరాపురంలో అమ్మమ్మ దగ్గర, అంటే మా అవ్వ దగ్గర, కొన్నాళ్ళకని వదిలారు. ఆ కొన్నాళ్ళు అవ్వ చచ్చిపోయేదాకా సాగాయి. అక్క పేరు హొన్నమ్మ. అవ్వే పెట్టింది, పిలిచేది మాత్రం హొన్నీ అని. నేను ఎండాకాలం సెలవులకు అక్కడికి పోయేవాణ్ని. వక్కతోట నీడ, పొయ్యిలో కొబ్బరిమట్టల పొగ, రాగిముద్దలోకి హురళి సారు. హురళి అంటే ఉలవలే, కానీ ఆ ఇంట్లో ఉలవచారు అంటే ఆ వాసన రాదు. అవ్వ ఎండిన వక్కలా చిన్న మనిషి. ముక్కుపొడి పీల్చేది, పొడిదగ్గు దగ్గేది, ఆ రెండింటి మధ్య ఎడం లేకుండా మాట్లాడేది. కోళ్ళతో, మేకతో, తడిసిన కట్టెలతో, మండనని మొండికేసిన పొయ్యితో. "బిసిలు ఎక్కువుండాది, తలమీద గుడ్డేసుకో కంద" అనేది నాతో. బిసిలంటే ఎండ అని, కంద అంటే బిడ్డ అని ఎవరూ నాకు చెప్పలేదు. ఎండ తగిలింది, గుడ్డ వేసింది, తెలిసిపోయింది.

అవ్వ పోయాక అక్క హిందూపురం వచ్చింది. అప్పటికి ఆమెకు పద్దెనిమిది, నాకు పదహారు. అవ్వ మాటంతా ఆమె నోట్లో ఉంది. మా ఇంట్లో అంత మాట ఎప్పుడూ లేదు. గచ్చు మీద కూర్చుని బిందెలు తోముతూ వాటితో మాట్లాడేది. చిలుము వదలని బిందెను, "నీకు నెంటరు ఎవురూ లేరా, ఎవురూ నీళ్ళు పోయలేదా" అని పరామర్శించేది. నాయన లోపలినుంచి గొంతు సవరించుకునేవాడు. నేను మాత్రం ఆమె పక్కన చేరి, దీన్నేమంటారు, దాన్నేమంటారు అని అడిగి, విన్న మాటను మర్నాడు గల్లా దగ్గర దించేవాణ్ని. నాయన దగ్గర ఉన్నవి నాలుగు పాత మాటలు. నా దగ్గర ప్రతి బస్సుకూ తాజా సరుకు. ఏ ఊరి ఆడమనిషి వచ్చినా, "ఏమవ్వా, హబ్బకా?" అంటే చాలు, పండగ సామానంతా మా అంగట్లోనే. సాయంత్రం అక్కకు చెప్తే ఆమె మురిసిపోయేది. "నా మాటకు కొడ అమ్ముడుపోయెనంటనే" అని అమ్మకు కేకేసి చెప్పేది. ఆ లాభంలోంచి ఆమెకు నేను ఒక్క గాజు కూడా కొనిపెట్టలేదు.

ఏడాది తిరక్కముందే ధర్మవరం నుంచి సంబంధం వచ్చింది. సొంత మగ్గాలు, పట్టుచీరల అంగడి, ఒక్కడే కొడుకు. ఆ ఇంటికి పెద్దపెద్ద ఊళ్ళనుంచి బేరగాళ్ళు వస్తారు, కోడలు నాలుగు మాటలు పద్ధతిగా మాట్లాడగలగాలి అని వాళ్ళు ముందే చెప్పి పంపారు. మా నాయన, పిల్ల హిందూపురంలోనే మా కళ్ళముందు పెరిగింది అని జవాబు పంపాడు. ఆ తర్వాత సరుకును ఆ మాటకు తగ్గట్టు తయారుచేసే పని నాకు అప్పగించాడు. మొదట పేరు మారింది. హొన్ను అంటే బంగారం కాబట్టి స్వర్ణలత. "అదే బంగారం, డిజైను కొత్తది. బరువేమన్నా తగ్గెనా?" అన్నాడు నాయన. అక్కకు ఇవ్వబోయే పాత్రల మీద ఆ పేరు చెక్కింది నేనే. ఉలి పట్టుకుని 'స్వ' దగ్గర రెండు పళ్ళేలు పాడుచేశాను. తర్వాత నెలరోజులు మధ్యాహ్నాలు గచ్చు మీద కూర్చోబెట్టి నేర్పించాను. జగలి కాదు, అరుగు. సౌటు కాదు, గరిటె. తప్పితే నెత్తిన మొట్టేవాణ్ని. పెద్దది, నాకన్నా రెండేళ్ళు పెద్దది, తల వంచి మొట్టించుకుని నవ్వేది. ఆఖరికి బాగానే కుదిరింది. మాట్లాడటం తగ్గిస్తే తప్పులు తగ్గుతాయని ఆమే కనిపెట్టింది.

చూపులు పెనుకొండలో అనుకున్నారు. ఇటు హిందూపురం, అటు ధర్మవరం, నడుమ పెనుకొండ. ఎవరి గడపా ఎవరూ తొక్కకుండా బేరం చూసుకోవడానికి వీలైన చోటు. ఇద్దరికీ తెలిసిన ఒక మాస్టారింట్లో కూర్చున్నాం. కాబోయే అత్త గద్వాలు అంచు చీరలో నిటారుగా కూర్చుని అడిగినవాటికి, అక్క నేను నేర్పినట్టే, అవునండీ, లేదండీ అని చెప్పింది. అంతా అయిపోయి, తాంబూలం పళ్ళెం లేవబోతుండగా, పెళ్ళికొడుకు చెల్లెలి బిడ్డ, రెండేళ్ళవాడు, గడప తట్టుకుని బోర్లా పడ్డాడు. అందరికన్నా ముందు అక్క లేచింది. వాణ్ని ఎత్తుకుని గుండెకు అదుముకుని, "అయ్యో నన్ కంద, బిద్దెయా, బా బా, అళబేడ" అంది. పడ్డావా నా బంగారూ, రా రా, ఏడవొద్దు అని. బిడ్డ వెంటనే ఊరుకున్నాడు. ఇల్లు కూడా ఊరుకుంది.

అత్త కళ్ళు చిన్నవయ్యాయి. "ఏమప్పా, పిల్ల హిందూపురంలోనే పెరిగిందంటిరే?" అని నాయన్ను అడిగింది. నాయన గొంతులో మోత ఆగిపోయింది. అప్పుడు నేను, అడగకుండానే, నవ్వుతూ నోరు విప్పాను.

"మా అంగడికి అమరాపురం పక్క ముసలవ్వలు వస్తారత్తా. వాళ్ళు ఇట్లే మాట్లాడతారు. మా అక్క వాళ్ళ మాదిరి చేసి చూపిస్తాది. ఇంట్లో మేము నవ్వీ నవ్వీ సస్తాము."

అత్త ముఖం విచ్చుకుంది. "అట్లనా? యాదీ, ఇంగొంచెం చేయమను సూద్దాం."

నేను అక్క వైపు తిరిగాను. "చేయక్కా" అన్నాను.

అక్క నన్ను చూసింది. బిడ్డను వాళ్ళమ్మకు ఇచ్చి, కొంగు బొడ్లో దోపి, నడుం మీద చెయ్యి పెట్టి వంగింది. ఆ గదిలో అవ్వ నిలబడింది. అవ్వ కోళ్ళను పిలిచింది. మండని పొయ్యిని తిట్టింది. ముక్కుపొడి పీల్చి, పొడిదగ్గు దగ్గింది. పెళ్ళికొడుకు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. అత్త కళ్ళనీళ్ళు తుడుచుకుంటోంది. మాస్టారి భార్య వంటింట్లోంచి గరిటెతోనే వచ్చి నిలబడింది. అక్క ఇంకొంచెం గొంతు పెంచి, సందెపొద్దు అవ్వ వాకిట్లో నిలబడి పిలిచినట్టు, "హొన్నీ, హొన్నీ, ఎల్లిద్దీయే" అని పిలిచింది. యాడున్నావే అని.

"హొన్ని అంటే ఎవురు?" అంది అత్త, నవ్వు మధ్యలో.

"వాళ్ళ మేకపిల్ల" అన్నాను నేను.

ఇంకా నవ్వారు. సంబంధం ఆ గదిలోనే ఖాయమైంది. నాయన నా వీపు మీద చెయ్యి వేశాడు. చొట్టపడిన బిందెను చొట్ట కనిపించకుండా అమ్మినప్పుడు మాత్రమే ఆయన అట్లా చెయ్యి వేసేవాడు, నాకు ఒళ్ళు పొంగింది. తిరుగు రైల్లో నేను కిటికీ పక్కన కూర్చుని, నా సమయస్ఫూర్తిని అమ్మకు రెండుసార్లు చెప్పాను. అక్క ఎదురుగా కూర్చుంది. హిందూపురం వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. సిగ్గుపడుతోందిలే అంది అమ్మ. మర్నాడు గచ్చు మీద బిందెలు తోమే చప్పుడు మాత్రమే వినబడింది. నేను పక్కన చేరి, ఫలానాదాన్ని ఏమంటారక్కా అని అడిగితే, "మర్చిపోతి" అంది. ఇంకొకటి అడిగాను. "మర్చిపోతిరా" అంది. ఆమె దగ్గర సరుకు అయిపోయిందనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను.

ధర్మవరంలో ఆమెకు ఏ లోటూ జరగలేదు, అది చెప్పాలి. బావ మంచివాడు. అత్త వీధిలో అందరికీ మా కోడలు నోట్లో నాలుక లేని పిల్ల అని గొప్పగా చెప్పుకునేది. నేను పోయినప్పుడల్లా అక్క రాట్నం ముందు కూర్చుని పట్టు కండెలు చుడుతూ ఉండేది. బాగున్నావా అంటే బాగున్నా అనేది. పురుళ్ళకు వచ్చినప్పుడు కూడా, బిడ్డలు ఏడిస్తే కంద అనలేదు, వీపు మీద చేత్తో తట్టేది, అంతే. తన బిడ్డలకు జోల పాడని తల్లిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను. అప్పట్లో, పెద్దింటి పద్ధతి కాబోలు అనుకున్నాను. ఇప్పుడు లెక్క వేసుకుంటే భయం వేస్తుంది. నేను రైతుబజారులో కొత్తిమీర కట్టకు కూడా కొసరు అడిగే మనిషిని. డాక్టరు మూడు పూటలా మాత్ర వేసుకోమంటే, రెండు పూటలు చాలదా అని అడిగినవాణ్ని. ఎక్కడ ఏమి పోతుందో కనిపెట్టుకుని బతికానని నా నమ్మకం. నా ఎదురుగా రైలు పెట్టెలో ఒక మనిషి భాష మొత్తం పోతే, అది నాకు కనబడలేదు.

ఇప్పుడు హిందూపురం బజారులో ఎవరూ ఎవరి మాటా మాట్లాడనక్కరలేదు. వస్తువు మీద గీతలుంటాయి, యంత్రం చూస్తుంది, కీచుమంటుంది, అయిపోయింది. అమరాపురం నుంచి వచ్చే ఆడపిల్లలు ఫోనులో బొమ్మ చూపించి ఇది కావాలంటారు. కొడ అంటే మా ఇంట్లోనే నా మనవలకు తెలియదు. ప్లాస్టిక్ డబ్బాకు ఏ భాషలోనూ పేరు అక్కరలేదు, డబ్బా అంటే సరిపోతుంది. ఒకప్పుడు సిగ్గుపడి దాచిన మాటలను ఇప్పుడు మానసలాంటి పిల్లలు పుస్తకం పట్టుకుని వెతుక్కుంటూ వస్తున్నారు, పరీక్షల్లో మార్కులు కూడా వేస్తారట. నాయన ఉంటే, పాత ఇత్తడికి రేటు పెరిగిందని సంతోషపడేవాడు. నాకు ఆ సంతోషం రాలేదు. ధర్మవరం పోయే రైలు పెనుకొండలో ఆగినప్పుడు మానస, "కొండ బాగుండాది గదా తాతా" అంటే, నేను అటు పక్క చూడలేదు.

ధర్మవరం స్టేషను బయట ఆటోవాడితో అలవాటు కొద్దీ బేరమాడి, అలవాటుకు విరుద్ధంగా మధ్యలోనే వదిలేసి ఎక్కాను. అక్క రాట్నం దగ్గరే ఉంది. వీధి చివరనుంచి మరమగ్గాల మోత. మానస ఆమె పక్కన చాప మీద చేరి, ఫోను కింద పెట్టి, సంగతి చెప్పింది. అక్క చెయ్యి ఆపకుండా విని, "నాకేం తెల్దు పాపా" అంది.

"నీ దగ్గరే నేర్సుకున్న్యానని తాత చెప్పినాడవ్వా. జగలి అంటే?"

"తెల్దు."

"సౌటు?"

"తెల్దమ్మా."

"కొడ అన్నా తెలీదా?"

అక్క దారం తెగిందేమో అన్నట్టు వంగి చూసింది. తెగలేదు. మానస నా వైపు తిరిగి, "ఏం తాతా, నువ్వు అబద్ధం చెప్పినావా?" అంది. తప్పించుకోవడానికి దారి ఉంది. అవును, సరదాకి అన్నాలే అంటే సరిపోయేది, నవ్వి ఊరుకునేవాళ్ళం. నేను కుర్చీలోంచి లేచి చాప మీద కూర్చుని, ఆ పిల్ల వింటుండగా, పెనుకొండలో జరిగింది మొదటినుంచి చివరిదాకా చెప్పాను. మేకపిల్ల మాట కూడా చెప్పాను. ఎక్కడా రంగు వేయలేదు. "నేను అట్ల అనకుండా ఉండాల్సింది అక్కా. నీ నోరు నేను కట్టేసినా" అన్నాను.

రాట్నం ఆగింది. అక్క చేతిలో ఉన్న కండెను పళ్ళెంలో పెట్టి, వేళ్ళు కొంగుకు తుడుచుకుంది.

"నువ్వేంది కట్టేది" అంది. "నువ్వు అంగడోనివి. దొరికిందల్లా అమ్ముతావు. ఇచ్చింది నేను గదా."

"నేను చేయమంటేనే గదా నువ్వు చేసింది."

"చేయమన్నావు. అవ్వ దగ్గు గూడా చేయమన్న్యావా? దాన్ని చేసింది నేను. ఆ యమ్మ పోయి యాడాదన్నా నిండలే. ఆ దగ్గుతోనే పాయె ఆ యమ్మ, నా ఒళ్ళోనే." పళ్ళెంలోని కండెను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "వాళ్ళు నవ్విరి సూడు. నాకు సంబరమాయెరా. ఇంకా నవ్వల్లని గొంతు పెంచితి. నన్ను పిలిచే పిలుపును గూడా ఏసి సూపిస్తి. ఇంటికొచ్చి ఆ మాటలు అందామని నోరు తెరిస్తే, నాకే ఆ నవ్వు ఇనబడ్తాండె. ఇంగ యాడ అంటాను."

ఇన్నేళ్ళూ నేను ఒక తప్పు మోస్తున్నాననుకున్నాను. మోసింది ఆమె. అది కూడా నాదని కాక, తన తప్పే అనుకుని మోసింది. మానస ఫోను తీసి సంచిలో వేసుకుంది. "వద్దులే అవ్వా. ఇంగెవురినన్నా అడుగుతా. నిన్ను బాధ పెట్టను" అంది.

"మార్కులకా ఇది?"

"మార్కులకే వచ్చినా. ఇప్పుడైతే మార్కులకు గాదు. నువ్వు సిన్నపిల్లప్పుడు ఎట్ల మాట్లాడేదానివో నాకు తెలీదు గదా."

అక్క రాట్నాన్ని పక్కకు జరిపింది. తర్వాత, "తీ ఆ ఫోను" అంది. "ఎన్ని గుర్తుండాయో, ఎట్ల వస్తాదో. రాకుంటే నవ్వగాకు." మానస తల ఊపింది. నేను సర్దుకుని కూర్చోబోయాను.

"నువ్వు లెయ్" అంది అక్క.

"ఏంటికక్కా?"

"నువ్వు సూస్తాంటే నాకు మళ్ళా ఆ పెనుకొండ ఆటే వస్తాది. మాట రాదు."

"ఆ మూల అటు తిరిగి కూచుంటాలే."

"వద్దు."

"గడప అవతల?"

"ఒద్దురా."

"పోనీ వాకిట్లో. నీకు కనపడను."

"నాకు తెలుస్తాది. నా మాట ఇనబడనంత దూరం పో. అది కుదిరితేనే చెప్తా, లేకుంటే లేదు."

ఆమె నాతో బేరమాడటం అదే మొదలు. ఒక్క మెట్టు కూడా దిగలేదు. నేను చెప్పులు వేసుకుని బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. ఎండ వీధి మీద తెల్లగా ఉంది. పది అడుగులు వేశానో లేదో, వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. పెనుకొండలో విన్న గొంతు కాదు. అది ఎత్తుగా, గబగబా, నవ్వుల మీద తేలుతూ పోయింది. ఇది కింది నుంచి వస్తోంది, తడుముకుంటోంది, మధ్యలో చాలాసేపు ఆగిపోయి మళ్ళీ కొంచెం ముందుకు వస్తోంది. మాటలు తెలియడం లేదు, వరుస తెలుస్తోంది. కోళ్ళతో, మేకతో, పొయ్యితో ఎడం లేకుండా మాట్లాడే మనిషి వరుస. నా కాళ్ళు అక్కడే ఆగాయి. వీధిలో ఎవరూ లేరు. ఇంకో రెండు నిమిషాలు నిలబడితే అడిగేవాళ్ళు లేరు, ఆమెకు తెలియను కూడా తెలియదు. అట్లాంటి రెండు నిమిషాలు ఎవరికీ తెలియకుండా కలిపేసుకోవడంలో నాకు ఒక జీవితమంత అనుభవం ఉంది. అక్క లోపల ఏదో అంది, మానస నవ్వలేదు, అక్క మళ్ళీ అంది, ఈసారి కొంచెం తేలిగ్గా. నేను తల దించుకుని నడిచాను. ఆ ఇల్లు దాటి, దాని పక్క ఇల్లు దాటి, మగ్గాల మోత ఆమె గొంతును పూర్తిగా మింగేసే చోటుదాకా పోయి, అక్కడ ఎండలో నిలబడ్డాను.